మొదలు ముట్టని గొడ్డలి

గొడ్డలి భుజాన వేసుకుని గట్టు వెంట నడిచే ముసలాణ్ణి చూస్తే ఈ కాలం పిల్లలు హడలిపోతున్నారు. సెలవులకొచ్చిన మా మనవడు, నేను వేపచెట్టు కింద నిలబడి పైనున్న మనిషికి ఏ కొమ్మ కొట్టాలో చెబుతుంటే, పరుగెత్తుకొచ్చి "తాతయ్యా, చెట్లు నరక్కూడదు, మా స్కూల్లో చెప్పారు" అన్నాడు. వాడి తప్పేం లేదు. బళ్లో వాడికి రెండే ముక్కలు నేర్పారు. చెట్టు నాటటం మంచిది, చెట్టు నరకటం చెడ్డది. ఆ రెంటికీ నడుమ ఇంకో పని ఉందనీ, మా పల్లెలు తరతరాలుగా ఆ పని మీదే పొయ్యి వెలిగించుకున్నాయనీ చెప్పేవాళ్లు లేరు. వాడి నాన్న, అంటే మా అబ్బాయి, ఇంకో రకం. "ఎందుకు నాన్నా ఏటేటా ఈ తతంగం? మొదలంటా కొట్టించి అమ్మేస్తే పోలా?" అంటాడు. ఒకడు ముట్టుకోవద్దంటాడు, ఒకడు కూల్చెయ్యమంటాడు. తండ్రీకొడుకులిద్దరిలో ఒక్కడికీ కొమ్మ కొట్టటమంటే ఏంటో తెలియదు.

మాది ఒంగోలుకు పడమట, పొదిలి దాటి కనిగిరి వైపు పోయే దారిలో ఒక మెట్ట పల్లె. కాలవ నీళ్లు మా దాకా రాలేదు. వచ్చేవి వానలే, అవీ మొహమాటానికి వచ్చి పోయేవి. సజ్జ, కంది, జొన్న, వరిగ, ఆముదం పండేవి. చెరువు కింద కాస్త వరి. గట్ల మీద వేప, నల్లతుమ్మ, కానుగ. చేని నడుమ కూడా అక్కడో తుమ్మ, ఇక్కడో వేప. వీటిని ఎవరూ పనిగట్టుకుని నాటలేదు. వేపపండు తిని కాకి గింజ విడిచేది. తుమ్మకాయలు తిన్న మేక పెంటికల్లోంచి గింజ మొలిచేది. గుంటక తోలే మనిషికి ఆ మొలక కంటపడితే, చోటు మంచిదనిపిస్తే, ఎద్దుల్ని పక్కకు తిప్పి పోనిచ్చేవాడు. కాదనిపిస్తే మీదుగానే పోనిచ్చేవాడు. చెట్ల పెంపకం అంటే మాకు అంతే. ఫ్లెక్సీలు లేవు, ఫొటోలు లేవు, మొక్క చుట్టూ ఇనప కంచె కట్టి దాని మీద దాత పేరు రాయించుకోవటం లేదు.

కంది కోసి కట్టె ఇంటికి చేరాక, మాఘమాసంలో కొమ్మ పని మొదలయ్యేది. అప్పటికి వేపాకు పండి రాలుతుంటుంది, చిగురింకా వెయ్యదు. చెట్టు తన బలాన్ని వేళ్లల్లో, మానులో దాచుకుని ఉండే రోజులవి. అప్పుడు కొమ్మ తీసినా దానికి పెద్ద నష్టం లేదు, చైత్రం వచ్చేసరికి ఆ దాపుడు బలంతోనే కొత్త రెమ్మలు తోసుకొస్తుంది. అదే చిగురు వేశాక కొట్టారనుకోండి, దాచుకున్నదంతా చిగురుకు ఖర్చయిపోయి ఉంటుంది, తిరిగి సంపాదించాల్సిన ఆకేమో నేలపాలవుతుంది. వరసగా కొన్నేళ్లు అలా చేస్తే ఎంత మొండి చెట్టయినా నీరసిస్తుంది. ఇప్పుడు మా ఊళ్లో ఎండలు ముదిరాక కొట్టిస్తున్నారు, కూలీలు ఖాళీగా దొరికేది అప్పుడేనట. మనుషుల తీరిక చూస్తున్నారు గాని చెట్టు తీరిక చూడటం లేదు.

పొలమంతా ఒక్కసారి కొట్టేవాళ్లం కాదు. ఈ ఏడు తూర్పు గట్టు, వచ్చే ఏడు పడమటి గట్టు, ఆ పై ఏడు చేని నడిమి చెట్లు. మూడేళ్లకు గాని మొదటి వరస మళ్లీ రాదు. ఆ మూడేళ్లలో కొమ్మ మణికట్టు లావుకు వస్తుంది. అదే మాకు కొలత. మణికట్టు లావు గాయాన్ని చెట్టు తొందరగా మూసుకుంటుంది. తొడ లావు గాయం మూసుకునేలోపు నీరు దిగి లోపల పుచ్చుతుంది.

కొట్టటానికీ ఒక వరస ఉంది. ముందు కొమ్మ అడుగున ఒక గాటు పెట్టాలి. తర్వాత కాస్త ముందుకు జరిగి పైనుంచి వెయ్యాలి. అడుగున గాటు లేకుండా పైనుంచే కొడితే, కొమ్మ తన బరువుకు తనే విరిగి, మాను పొడవునా బెరడును చీల్చుకుంటూ దిగుతుంది. కొమ్మ వాలిపోయాక మిగిలిన మోడును శుభ్రంగా తీసెయ్యాలి గాని, కొమ్మ మానుతో కలిసే చోట ఉబ్బుగా ఉండే పట్టును మాత్రం ముట్టుకోకూడదు. గాయాన్ని మూసే కొత్త బెరడు అక్కణ్ణుంచే పెరుగుతుంది. కోత ఏటవాలుగా ఉండాలి, వాననీరు నిలవకూడదు. తలకొమ్మను వదిలెయ్యాలి, దాని చుట్టూ కాస్త ఆకు ఉంచాలి. ఆవును దూడకు వదిలి పితుక్కున్నట్టే చెట్టును చెట్టుకు వదిలి కొట్టుకోవాలి. పిలకలు మేకకు అందని ఎత్తులో రావాలి, కింద అరక తిరగాలి, కాబట్టి మనిషెత్తుకు దిగువన కొమ్మ ఉంచేవాళ్లం కాదు. కూర్చున్న కొమ్మను నరుక్కున్నాడని సామెత చెప్పి అందరూ నవ్వుతారే, నిజంగా చెట్టెక్కిన వాళ్లకు అది నవ్వులాట కాదు. కాలు ఏ కొమ్మ మీద, చెయ్యి ఏ కొమ్మ మీద, వేటు ఏ కొమ్మ మీద అన్నది ముందే చూసుకోకపోతే ఆ పూట నడుం విరిగినట్టే.

కొమ్మ కింద పడ్డాక పంపకం. ఆకు మండలు మేకలకు. వేలి లావు పుల్లలు పొయ్యిలోకి. మణికట్టు లావువి పందిరి గుంజలకు, దడికి. తుమ్మ ముళ్లకంపను పంగలకర్రతో ఎత్తి చేని చుట్టూ కంచె వేసేవాళ్లం. అది ఏడాదికి చివికిపోతుంది, మళ్లీ ఏడు మళ్లీ కంప. కొట్టిన మనిషికి కూలితోపాటు ఒక మోపు. చెట్టు మీది కొమ్మ రైతుది, దానంతట అది ఎండి రాలిన పుల్ల ఎవరు ఏరుకుంటే వాళ్లది. పొలం లేని ఇళ్ల ఆడవాళ్లు చీకటితో వచ్చి ఏరుకుపోయేవాళ్లు. ఏ రైతయినా అడ్డుపడితే రచ్చబండ దగ్గర మాటపడేవాడు. ఇద్దరి పొలాల నడుమ గట్టు మీది చెట్టయితే కొమ్మ ఎటు వాలితే అటువాడు కొట్టుకోవాలి, మొదలు మాత్రం ఏ ఒక్కడిదీ కాదు. ఇప్పుడు అలాంటి చెట్టు కనిపిస్తే చాలు, సర్వే చేయించి రాయి పాతి, రాయి పడ్డ మర్నాడే చెట్టు పడగొడుతున్నారు.

నల్లతుమ్మ దగ్గర లెక్క వేరుగా ఉండేది. నాగలికి కావాల్సిన వంపు కొయ్యలో పుట్టుకతోనే ఉండాలి. తిన్నటి దుంగను చెక్కి వంపు తెస్తే నార తెగుతుంది, చేలో రాయి తగిలిన రోజున సరిగ్గా అక్కడే విరుగుతుంది. అందుకని మా ఊరి వడ్రంగి ఏటా గట్లన్నీ తిరిగి, వంగి పెరుగుతున్న కొమ్మల్ని గుర్తుపెట్టుకునేవాడు. "పెద్దయ్యా, ఆ దక్షిణపు కొమ్మ ముట్టుకోబాకండి, ఇంకొన్నేళ్లు ఆగితే నాగలవుతుంది" అని మా తాతకు చెప్పేవాడు. చెప్పాడంటే అది ఒప్పందమే. దాని చుట్టూ ఉన్నవి కొట్టి, దానికి వెలుతురిచ్చి, అదొక్కటీ పెంచేవాళ్లం. పక్క ఊరి వాడు కన్నేస్తే వడ్రంగికీ మాకూ కలిసి కోపం వచ్చేది. ఇరుసుకు, కాడికి, బండి చక్రం ఆకులకు ఇలాగే వేర్వేరు కొమ్మల్ని చూసి పెట్టేవాడు. కొట్టాక పచ్చి తుమ్మను చెరువు నీళ్లలో నానేసి, తర్వాత నీడన ఆరబెట్టి, అప్పుడు గాని ఉలి ముట్టించేవాడు కాదు. వీటికి ఆయన చేతికి డబ్బేమీ ఇచ్చేవాళ్లం కాదు, కళ్లంలో గింజలే మేరగా కొలిచేవాళ్లం.

ట్రాక్టరు నాగలి ఫ్యాక్టరీలో పుడుతుంది. దానికి వంకర కొమ్మతో పని లేదు, వంకర కొమ్మను గుర్తుపట్టే కన్నుతోనూ పని లేదు.

ఎండాకాలంలో గొర్రెలోళ్లు వచ్చేవాళ్లు. ఎరువు కోసం రాత్రిళ్లు చేలో మంద పెట్టించుకునేవాళ్లం, అందుకు వాళ్లకు గింజలు ఇచ్చేవాళ్లం. పగలు మేత దొరక్క గొర్రెలు అల్లాడుతుంటే తుమ్మ రెమ్మలు లాక్కోనిచ్చేవాళ్లం, కాయలు దులుపుకోనిచ్చేవాళ్లం. షరతు ఒకటే. దోటికి అందినంత వరకే, గొడ్డలి పైకెక్కకూడదు. రాత్రికి రాత్రి తల ఎగరగొట్టి పోయేవాళ్లు అప్పుడూ ఉన్నారు, లేరనను. అప్పుడు ఊళ్లో పంచాయితీ అయ్యేది. అలాంటి పని చేసిన మందకు మరుసటి ఏడు మా ఊళ్లో చోటు ఉండేది కాదు.

చెరువు కింద మడికి కానుగ. నాట్లకు ముందు దమ్ము చేసేటప్పుడు కానుగ మండలు కొట్టి మోపులు కట్టి తెచ్చి, మడంతా పరిచి, ఎద్దుల కాళ్లతో, మా కాళ్లతో తొక్కేవాళ్లం. నాలుగు రోజులకు బురదలోంచి వచ్చే ఆ కంపు భరించలేక దారిన పోయేవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. కానుగ చిక్కుడు జాతిది, ఆకులో నత్రజని బాగా ఉంటుందని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారు. మాకు ఆ మాట తెలియదు, ఆకు తొక్కిన మడి నల్లగా ఎదుగుతుందని మాత్రం తెలుసు. యూరియా బస్తా వచ్చాక కానుగ కొట్టేవాడు లేడు, కానుగను ఉంచేవాడూ లేడు. 2000 తర్వాత కొన్నాళ్లు కానుగ నూనెతో బళ్లు నడుస్తాయన్నారు, అడవి ఆముదంతో దేశం మారిపోతుందన్నారు, మొక్కలు పంచారు. ఆ సందడి ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది.

ఇక్కడ మా ఇంటావిడ మాట కూడా రాయాలి, లేకపోతే ఈ పూట అన్నం పుట్టదు. "మీ కొమ్మల గొప్ప మీరు చెప్పుకోండి. ఆ పొగ మింగింది మేము" అంటుంది. నిజమే. సరిగా ఆరని కట్టె పొయ్యిలో పెట్టి, ఊదుగొట్టంతో ఊది ఊది, మా అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. మోపు నెత్తిన పెట్టుకుని ఎండలో కోసుల దూరం నడిచింది ఆడవాళ్లే, చెట్టు కింద నీడన నిలబడి ఆజ్ఞలిచ్చింది మేము. 1999లో దీపం పథకం కింద గ్యాసు బండలు వచ్చాయి, 2016లో ఉజ్జ్వల వచ్చింది. గ్యాసును తిట్టేంత మూర్ఖుణ్ణి కాను.

కాని గ్యాసు వచ్చాక జరగాల్సింది ఏంటి? పొయ్యి భారం తప్పి చెట్టు సుఖపడాలి. జరిగింది అది కాదు. పొయ్యికి అక్కర్లేని చెట్టు గట్టు మీద ఎందుకన్నారు. ఏటా ఇంత ఇస్తుందని కాచుకున్న చెట్టు, దాని దగ్గర పుచ్చుకోవటం మానేసిన రోజున అడ్డమైపోయింది. నీడ పడి కంది ఎదగటం లేదని ఒకడు, ట్రాక్టరు తిరగటం లేదని ఒకడు, కోతులు చేరుతున్నాయని ఒకడు. పుచ్చుకునే వాడికే ఉంచుకునే అవసరం ఉంటుంది. నా గొణుగుళ్లన్నింట్లో పెద్దది ఇదే. చెట్టును ప్రేమించమని బళ్లో చెబుతున్నారు. మా తాత ఏ చెట్టునూ ప్రేమించిన మనిషి కాదు. దానితో ఆయనకు పని ఉండేది, అంతే. ఆ పని కోసం గట్టు మీద చెట్టు పోకుండా చూసుకున్నాడు.

మా వైపు చెట్లకు తగిలిన పెద్ద దెబ్బ వంటపొయ్యిది కూడా కాదు, పొగాకు బ్యారన్లది. వర్జీనియా ఆకును పచ్చిగా కర్రలకు గుచ్చాలు కట్టి, బ్యారన్‌లో వేలాడదీసి, ఐదారు రోజులు రాత్రింబగళ్లు మంట ఆరకుండా కాల్చాలి. కిలో ఆకు ఎండి చేతికి రావటానికి నాలుగైదు కిలోల కట్టె తింటుంది. మంట ఒకే తీరున ఉండాలి కాబట్టి పుల్లలతో పని జరగదు, దుంగలు కావాలి. గుంటూరులో పొగాకు బోర్డు పెట్టింది 1976లో. తర్వాత పొదిలి, కనిగిరి, కందుకూరు, టంగుటూరు అన్నింట్లో వేలం కేంద్రాలు వచ్చాయి. డబ్బు కళ్లజూశాం. పెంకుటిళ్లు పోయి మిద్దెలు లేచాయి, పిల్లలు పట్నాలకు పోయి చదువుకున్నారు. దాంతోపాటు మణికట్టు కొలత పోయింది. లారీవాడు వచ్చి తూకానికి డబ్బిచ్చింది కొమ్మకు కాదు, మొదలుకు. ఒక్క మొదలు తూగినంత, ఇరవై ఏళ్ల పుల్లలు తూగవు. 

గట్టు చెట్లు అయిపోయాక బ్యారన్లకు దొరికింది చిల్లచెట్టు, అదే సర్కారు తుమ్మ. అమెరికా ఖండాల నుంచి తెల్లదొరల కాలంలో, 1870ల్లో తెచ్చారు దాన్ని. ఇప్పుడు చెరువు దానిదే, పోరంబోకు దానిదే, ఎవడైనా రెండేళ్లు బీడు పెడితే ఆ చేనూ దానిదే. దాన్ని ఎక్కడ నరికినా అక్కడ పది పిలకలు లేస్తాయి. ఎప్పుడు కొట్టినా, ఎట్టా కొట్టినా బెదరదు. బొగ్గుల బట్టీలన్నీ దాని మీదే బతుకుతున్నాయి. మంచిదే గదా, మంచి చెట్లు మిగిలాయి గదా అంటారు. నాకు కనపడే చిక్కు వేరు. జాగ్రత్త అక్కర్లేని చెట్టు మీద చెయ్యి తిరిగిన కుర్రాడు అదే చేత్తో వేప మీదికి వస్తున్నాడు. కింద గాటు లేదు, మాసం లేదు, తలకొమ్మ లేదు.

తర్వాత సుబాబుల్, జామాయిల్. సుబాబుల్ మొదట వచ్చింది మేత చెట్టుగా. ఏడాదికి నాలుగైదుసార్లు కొమ్మ కోసుకోవచ్చు, ఆకు పశువులకు పుష్టి. మరీ ఎక్కువ పెడితే అందులోని మైమోసిన్ వల్ల వెంట్రుకలు రాలతాయి గాని, మిగతా మేతతో కలిపి పెడితే ఇబ్బంది లేదు. కొమ్మ కోసుకునేందుకు వచ్చిన చెట్టు కాస్తా మా ప్రకాశంలో, గుంటూరులో, కృష్ణాలో కాగితపు గుజ్జు చెట్టయి కూర్చుంది. చేలకు చేలే దగ్గర దగ్గరగా వేసి, మూడు నాలుగేళ్లకు మొదలంటా నరికి, బెరడు ఒలిచి లారీకెత్తుతారు. దీన్నీ అగ్రోఫారెస్ట్రీ, అంటే చెట్టూ పంటా కలిపి చేసే సేద్యం, అనే అంటున్నారు. అందులో పంట లేదు, మేక లేదు, కింద కూర్చుని సద్ది తినటానికి నీడ లేదు. ధర పడిపోయిన ఏడు రోడ్డు మీద ధర్నా. కొమ్మ కొట్టుకునే రైతుకు ధర పడిపోయే బాధ లేదురా, అమ్మేదే లేదు గదా అన్నాను మా అబ్బాయితో. "ఆదాయమూ లేదుగా నాన్నా" అన్నాడు. జవాబు నా దగ్గర లేకపోలేదు గాని, ఈలోగా వాడికి ఫోనొచ్చింది.

వాడి మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. ఎక్కడైతే కొమ్మకు డబ్బు ముడిపడి ఉందో అక్కడ చెయ్యి ఇంకా బతికే ఉంది. హిందూపురం, మదనపల్లె వైపు మల్బరీ రైతును చూడండి. ఏడాదికి ఎన్ని పట్టు పంటలో అన్ని కోతలు, ఎక్కడ కోస్తే ఎన్ని రెమ్మలు వస్తాయో చీకట్లో అడిగినా చెబుతాడు. తెలంగాణ అడవుల్లో వేసవికి ముందు తునికి పొదలకు కొమ్మ కొడతారు, ఆ కోతకే ఏప్రిల్, మే నాటికి బీడీకి పనికొచ్చే లేతాకు వస్తుంది. అరకులో కాఫీ తోటల మీద సిల్వర్ ఓక్ కొమ్మల్ని సవరిస్తారు, నీడ ఎక్కువైనా కాఫీ కాయదు, తక్కువైనా మాడుతుంది. తమలపాకు తోటల్లో తీగ పాకటానికి వేసే అవిశ సంగతీ అంతే. మా మెట్టలో గట్టు వేపకు అలాంటి బేరగాడు దొరకలేదు.

చదువుకున్న వాళ్లు ఏమీ చెయ్యలేదని కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో 1980ల్లో సుబాబుల్‌ను వరసలుగా వేసి, నడుమ పంట వేసి, కొమ్మలు కోస్తూ చూశారు. వానలు బాగా పడే దేశాల్లో బాగున్న ఆ పద్ధతి మన మెట్టకు పొసగలేదు. పైన కొమ్మ ఎంత తీసినా కింద వేరు నీటికి పోటీ పడింది, పంట దెబ్బతింది. నీడను కత్తిరించగలం గాని దాహాన్ని కత్తిరించలేం. మా తాత ఎకరాకు రెండు మూడు చెట్లకు మించి ఉండనిచ్చేవాడు కాదు. గట్టుకు కొంచెం దూరంలో ఏటా ఒక లోతు సాలు వేయించి, చేలోకి పాకే పైవేళ్లను తెంపించేవాడు. ఇప్పుడు కొమ్మను గురించి మాట్లాడేవాళ్లే తక్కువ, వేరును గురించి ఒక్కడూ మాట్లాడడు.

2014లో జాతీయ అగ్రోఫారెస్ట్రీ విధానం తెచ్చారు. ఇలాంటిది తెచ్చిన మొదటి దేశం మనదేనని మా మండలం మీటింగులో చెబితే అందరం చప్పట్లు కొట్టాం. ఒక కుర్ర ఆఫీసరు తెర మీద బొమ్మ వేసి చూపించాడు. మొదలు ఇంత ఎత్తు, కోత ఇంత వాలు, ఇక్కడ ఒక బాణం, అక్కడ ఒక గీత. బొమ్మలో తప్పేమీ లేదు, మా తాత చెప్పిందే. కాకపోతే మా తాత చెట్టు మీద ఉండి చెప్పేవాడు. "అబ్బాయ్, నువ్వెప్పుడన్నా చెట్టెక్కావా?" అని అడిగాను. "అది నా డ్యూటీ కాదు పెద్దాయనా" అన్నాడు, నవ్వుతూనే. తర్వాత టీ ఇచ్చారు, ప్లాస్టిక్ కప్పుల్లో.

చట్టాల సంగతి ఎందుకు చెప్పాలి? 2002లో వాల్టా చట్టం వచ్చింది. సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి, కొన్ని జాతులకు మినహాయింపు. ఉద్దేశం మంచిదే. ఊళ్లో జనానికి అర్థమైంది మాత్రం వేరు. చెట్టు పెద్దదయితే ఆఫీసు చుట్టూ తిరగాలి కాబట్టి మొలకగా ఉన్నప్పుడే పీకి పారెయ్యాలి. మొలక కంటపడితే ఎద్దుల్ని పక్కకు తిప్పే మనిషే పోయాడు, ఇంక చట్టం ఎవర్ని కాపాడుతుంది?

రంపం మిషను గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గంటకింతని మాట్లాడుకుని ఇద్దరు కుర్రాళ్లు మోటారుసైకిలు మీద వస్తారు. చెవుల్లో పాటలు, చేతిలో మిషను. మనం చెప్పేది వాళ్లకు వినపడదు, వినపడినా వినరు. నేను "తలకొమ్మ, తలకొమ్మ" అని అరుస్తుండగానే తలకొమ్మ కింద ఉంటుంది. గొడ్డలితో ఒక కొమ్మ కొట్టేటప్పుడు రెండో కొమ్మను గురించి ఆలోచించుకునే వ్యవధి ఉండేది. మిషను ఆ వ్యవధి ఇవ్వదు. కరెంటు తీగల కింద చెట్లను కొట్టేవాళ్లది ఇంకో పద్ధతి. తీగ ఉన్న వైపు అంతా నున్నగా గీకి, రెండో వైపు ముట్టుకోకుండా పోతారు. బరువంతా ఒక పక్కకే పడిన ఆ చెట్టు ఏదో ఒక గాలివానకు ఒరిగి ఎవరి కొట్టం మీదో కూర్చుంటుంది.

2021లో ఆంధ్రాలో, తెలంగాణలో వేపచెట్లు చివర్ల నుంచి మాడిపోయాయి గుర్తుందా? ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు, దానికి తోడు తేయాకు దోమ. ఎండిన రెమ్మలు కోసి తీసేసి మందు కొట్టమని శాస్త్రవేత్తలు చెప్పారు. రెమ్మ కోసే ఓపిక ఎవరికుంది? చచ్చిన చెట్టే గదా అని బేరం పెట్టినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఓపిక పట్టిన వాళ్ల చెట్లు చాలా మటుకు మళ్లీ చిగురించాయి.

అన్నీ తిడతానని అనుకోకండి, కొత్తగా వచ్చిన వాటిల్లో నాకు నచ్చిన చెట్టు ఒకటుంది. గిరిపుష్పం. మధ్య అమెరికా చెట్టు. హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అదే క్రీడా, దీన్ని గట్ల మీద వెయ్యమని ఏళ్ల తరబడి చెబుతోంది. కర్ర పాతినా బతుకుతుంది. వాసనకు పశువులు మొదట్లో దగ్గరకు రావు. ఏడాదికి రెండు మూడుసార్లు నడుమెత్తున కోసి ఆ రెమ్మను చేలో పరిచేస్తే చాలు, ఎండు ఆకులో నూటికి రెండున్నర, మూడు పాళ్ల నత్రజని ఉంటుంది. మా కానుగ చేసిన పనే, దానికన్నా తొందరగా చేస్తుంది. మా ఊళ్లో ఉపాధి హామీ కింద గట్లన్నీ దాంతో నింపారు. నాటేటప్పుడు నేను కూడా వెళ్లి, ఎడం ఎంత ఉండాలో పోట్లాడి మరీ చెప్పొచ్చాను.

నాటారు, నీళ్లు పోశారు, కొలతలు తీసుకున్నారు, ఫొటోలు పంపించారు. కోత కొయ్యటం మాత్రం ఒక్కరికీ తోచలేదు. నడుమెత్తున ఉండాల్సినవి ఇప్పుడు మిద్దె ఎత్తుకు లేచి చేలో సగం దూరం నీడ పరుస్తున్నాయి. గట్టు పక్క కంది పూత నిలవటం లేదని రైతులు ప్రొక్లెయినర్ మాట్లాడుకుంటున్నారు. ఉండబట్టలేక, ఆ పనుల లెక్కలు చూసే కుర్రాడి దగ్గరకు వెళ్లి అడిగాను.

"నాటటానికి కూలి ఇచ్చారు, నీళ్లు పొయ్యటానికి ఇచ్చారు. కొమ్మ కొయ్యటానికి ఏమిస్తారబ్బాయ్?"

కంప్యూటర్లో పైకీ కిందకీ జరిపి చూశాడు.

"కోతకు ఇందులో పద్దు లేదు పెద్దాయనా. వాళ్లు పీకేస్తే చెప్పండి, మళ్లీ నాటటానికి పెడదాం."